తుపాకీ రిపేరులో ఎవరూ ముట్టుకోడానికి ఇష్టపడని పనులు

కర్నూలు, అనంతపురం, కడప వైపు లైసెన్స్ ఉన్న తుపాకీ రిపేరుకి వచ్చిందంటే అది చాలావరకు నాలుగు రకాల్లో ఒకటి అయ్యుంటుంది. బ్యాంకు ముందు గార్డు భుజానికి వేలాడే 12 బోర్, తాతల కాలం నుంచి ఇంట్లో ఉన్న ఇంగ్లండు డబుల్ బ్యారెల్, ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్, లేదంటే కాన్పూర్ .32 రివాల్వర్. ఇందులో ఇంగ్లండు తుపాకీకి కొత్త పార్టు ఎక్కడి నుంచీ రాదు. 1980ల మధ్య నుంచి మామూలు జనానికి అమ్మడానికి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది, పాత తుపాకులు చేసిన కంపెనీల్లో చాలావాటికి ఇప్పుడు పేరు మాత్రమే మిగిలింది. జిల్లా పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కి ఇన్సాస్ రైఫిల్‌లో ఒక పిన్ను విరిగితే స్టోర్ నుంచి ఇంకో పిన్ను వస్తుంది. బయట లైసెన్స్ మీద రిపేరు చేసేవాళ్లు ఆ పిన్నును ఆకురాయి పట్టుకుని కూర్చుని సొంతంగా చేసుకోవాలి.

అయితే పార్టులు లేకపోవడం ఒక్కటే అసలు తలనొప్పి కాదు. చేయడం తెలిసినవాడికి పిన్ను చేయడం కష్టమేమీ కాదు. ఈ పనిలో చేయి వెనక్కి లాగేసే సందర్భాలు రెండు. ఒకటి, ఒక్కసారి లోహం తీసేస్తే మళ్లీ పెట్టలేని చోటు. రెండోది, ఇంతకుముందు ఎవరో చేయి పెట్టి పాడుచేసిన చోటు. ఈ రెండూ ఒకే తుపాకీలో కలిసి వచ్చాయంటే, చూడ్డానికి చిన్నపనిలా ఉన్నా అది వారాల తరబడి బల్ల మీదే ఉండిపోతుంది.

స్క్రూల సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే తుపాకీ విప్పకుండా ఏ పనీ మొదలవదు. పాత ఇంగ్లండు తుపాకుల స్క్రూ తల మీద గాడి అర మిల్లీమీటరు వెడల్పు ఉంటే ఎక్కువ. బజార్లో దొరికే స్క్రూడ్రైవర్ మొన కింద సన్నగా, పైకి పోయేకొద్దీ లావుగా ఉంటుంది కాబట్టి అది ఆ గాడి అడుగుదాకా దిగదు, పై అంచుల మీద మాత్రమే కూర్చుంటుంది. బలంగా తిప్పగానే పైకి జారుతుంది, జారుతూ జారుతూ గాడి అంచుని చీల్చేస్తుంది, పక్కన చెక్కిన పువ్వుల డిజైన్ మీద ఒక గీత కూడా గీసిపోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక ఆదివారం ఈ పని చేసే ఉంటారు. దాని మీద ఇంకొకరు కటింగ్ ప్లేయర్‌తో ప్రయత్నించి ఉంటారు. ఆ తర్వాత అది రిపేరుకి వస్తుంది, "అన్నా, చిన్న పనే, స్క్రూ బిగుసుకుంది అంతే" అంటూ.

పద్ధతిగా పని చేసేవాళ్లు అలాంటి ప్రతి స్క్రూకీ విడిగా ఒక స్క్రూడ్రైవర్ మొనని అరగదీసుకుంటారు. రెండు పక్కలూ సమాంతరంగా, గాడిలో ఊగకుండా, అడుగు తగిలేలా. ఆ తర్వాత చొచ్చుకుపోయే నూనెగానీ కిరసనాయిలుగానీ చుక్కలు వేసి రోజుల తరబడి వదిలేయాలి. టంకం పెట్టే ఐరన్ మొనతో స్క్రూ తలని మాత్రమే వేడి చేయాలి, చల్లారనివ్వాలి, మళ్లీ నూనె వేయాలి, చిన్న సుత్తితో పైన తడుతుండాలి. డ్రిల్లింగ్ మిషన్‌ని ఆఫ్ చేసి ఉంచి, దాని చక్‌లో స్క్రూడ్రైవర్ మొనని బిగించి, పైనుంచి గట్టిగా అదిమి పట్టి చేత్తో తిప్పడం ఇంకో పద్ధతి. అలా పట్టుకుంటే మొన పైకి జారే దారి ఉండదు. ఇవన్నీ అయ్యాక కూడా తల తెగిపోతే ఇక డ్రిల్లు వేయాల్సిందే, అక్కడే అసలు భయం. స్క్రూ గట్టిగా, చుట్టూ ఉన్న ఇనుము మెత్తగా ఉంటే డ్రిల్లు మొన మెత్తనివైపుకే జరుగుతుంది. అర మిల్లీమీటరు పక్కకి పోయిందంటే రంధ్రం లోపల స్క్రూ తిరిగే మరలు పోయినట్టే.

బయటికి తీశాక కూడా కష్టం తీరదు. ఆ మరలు ఇప్పటి మెట్రిక్ సైజులకి సరిపోవు, కొన్ని తుపాకుల్లో పాత బ్రిటిష్ సైజులకి కూడా సరిపోవు, అప్పట్లో ఆ వర్క్‌షాపు తన కోసం తాను చేసుకున్న కొలతలు అవి. కొత్త స్క్రూని లేత్ మీద చేయాలి. పైగా మంచి ఇంగ్లండు తుపాకీలో కనిపించే స్క్రూల గాళ్లన్నీ బ్యారెల్ వైపే చూస్తూ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. స్క్రూ పూర్తిగా బిగిసినప్పుడు గాడి సరిగ్గా ఆ వరసలోకి వచ్చి ఆగేలా తల అడుగుని కొద్దికొద్దిగా అరగదీసి, చివర్లో గాడి కోయాలి. కొనేముందు ఆ వరస చూసి తుపాకీ చరిత్ర చెప్పగలిగేవాళ్లున్నారు. ఒక్క గాడి వంకరగా ఆగిందంటే ఎవరో విప్పారని అర్థం.

సీమలో స్క్రూలు ఇంతగా బిగుసుకోడానికి ఇంకో కారణం ఇంట్లో నూనె. తుపాకీకి నూనె రాయాలి అన్నారు కదా అని వంటింట్లోంచి వేరుశనగ నూనె తెచ్చి పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 40 డిగ్రీలు దాటే ఎండాకాలంలో బీరువాలో ఉన్న ఆ నూనె నెలల్లో జిగటగా మారుతుంది, ఏళ్లు గడిస్తే బంకలా గట్టిపడుతుంది. దాంట్లో దుమ్ము కలిస్తే లోపలున్న చిన్నచిన్న భాగాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి తుడిచేసినా ఇంత బాధ ఉండేది కాదు.

ప్లాస్టిక్ కవర్లో విడిభాగాలుగా వచ్చే తుపాకీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎవరో విప్పారు, మళ్లీ బిగించలేకపోయారు, కవర్లో వేసి తెచ్చారు. అన్ని భాగాలూ ఉన్నాయో లేదో తెలియదు, ఉన్నవి ఆ తుపాకీవేనో కాదో తెలియదు, విప్పకముందు అది పని చేసేదో లేదో కూడా తెలియదు. డబుల్ బ్యారెల్‌లో తూటాని పేల్చే యంత్రాలు, అంటే కుడి లాక్, ఎడమ లాక్, వాటి భాగాలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, చేత్తో అమర్చినవి కావడంతో ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఒక తుపాకీ భాగం ఇంకోదానికి సరిపోదు. చాలామంది ఇలాంటివి తీసుకోరు. తీసుకోకపోవడం తప్పేమీ కాదు.

ఇక డబుల్ బ్యారెల్ బ్యారెళ్లు. రెండు గొట్టాల మధ్య పైనా కిందా పొడుగ్గా అతికించి ఉండే పట్టీలని రిబ్ అంటారు. వాటిని అతికించేది సీసం, తగరం కలిసిన మామూలు టంకం. ఆ అతుకు ఒకచోట విడిందా లేదా కనిపెట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. బ్యారెళ్లని విడదీసి, అడుగునున్న కొక్కెంలో ఒక వేలు పెట్టి గాల్లో వేలాడదీసి, రెండో చేతి గోటితో తట్టాలి. అతుకు బాగుంటే ఖంగున మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది. ఎక్కడో విడిపోయి ఉంటే జిర్రుమని ఒక చచ్చు చప్పుడు వచ్చి ఆగిపోతుంది. ఆ చప్పుడు విన్నాక రిపేరు చేసేవాడి ముఖం మారిపోవడానికి కారణం ఉంది. ఆ సందులోంచి నీళ్లు, చెమట లోపలికి పోయి, కళ్లకి కనపడని చోట రెండు గొట్టాల మధ్య తుప్పు ఏళ్లుగా తింటూ ఉంటుంది. పైకి మెరుస్తూ కనిపించే తుపాకీ లోపల గోడ ఎంత పల్చబడిందో రిబ్ లేపితేగానీ తెలియదు.

రిబ్ మళ్లీ అతికించాలంటే గొట్టాలని పొడవునా ఒకే వేడికి తేవాలి. ఒక కొసన అతుకుతుంటే ఇంకో కొసన విడిపోతుంది. పై రిబ్ బాగుచేస్తుంటే కింది రిబ్ ఊడుతుంది, దాంతోపాటు బెల్టు తగిలించే కడ్డీ కూడా ఊడుతుంది. ఇనుప తీగ చుట్టి, మధ్యలో చీలలు కొట్టి, అన్నిటినీ బిగించి పట్టుకుని, ఒకే దఫాలో అతికించాలి. అతికాక లోపల మిగిలిన ఆసిడ్ ఫ్లక్స్‌ని పూర్తిగా కడిగెయ్యకపోతే అదే మళ్లీ తుప్పుకి విత్తనం. వేడి తగిలింది కాబట్టి బ్యారెల్ నల్లరంగు పోతుంది. అంటే రిబ్ పనికి వచ్చిన తుపాకీకి రంగు పని కూడా చేసి ఇవ్వాలి. యజమాని దృష్టిలో అది ఒక చోట టంకం పెట్టే పని మాత్రమే.

డబుల్ బ్యారెల్‌కే ఉన్న ఇంకో జబ్బు, బ్యారెళ్లు వదులవడం. మూసిన తుపాకీని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే బ్యారెల్ వెనకభాగానికీ, దాని వెనక నిలబడే ఇనుప గోడకీ మధ్య దారమంత వెలుగు కనిపిస్తుంది. బ్యారెళ్లు తిరిగే ఇరుసు, దానికి తగిలే కొక్కెం అరిగిపోయాయన్నమాట. దీనికి సరైన వైద్యం కొత్త ఇరుసు చేసి వేయడం, లేదా కొక్కేనికి వెల్డింగుతో లోహం పెంచి మళ్లీ ఆకారానికి తేవడం. ఇక్కడ కొలత చెప్పేది పరికరం కాదు, మసి. కిరసనాయిలు బుడ్డి మంట మీద పట్టి ఒక ముఖానికి పల్చగా మసి పట్టిస్తారు. తుపాకీ మూసి, తెరిచి చూస్తే రెండో ముఖం మీద ఎక్కడ నల్లటి చుక్క పడిందో అక్కడ మాత్రమే తగులుతోందని అర్థం. ఆ చుక్క మీద ఆకురాయి ఒక్కసారి, తేలిగ్గా. తుడిచి, మళ్లీ మసి, మళ్లీ మూయడం, మళ్లీ తెరవడం. మొదట్లో రెండు చుక్కలు కనిపిస్తాయి, తర్వాత ఐదారు, పోనుపోను ముఖమంతా మసి అంటుతుంది. అప్పుడు ఆపాలి. ఆపాల్సిన చోట ఆగకుండా ఇంకొక్క గీత గీశారంటే మళ్లీ వెలుగు కనిపిస్తుంది, అంతవరకూ చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు.

దీనికి ఒక దొంగదారి ఉంది. కొక్కెం మీద సుత్తితో కొట్టి లోహాన్ని ముందుకి పాకించడం. కొన్నాళ్లు బిగుతుగా ఉంటుంది, తుపాకీ అమ్మేసేదాకా ఆగుతుంది. తర్వాత ఇంతకుముందు కంటే ఎక్కువ వదులవుతుంది, పైగా ఆ దెబ్బల గుర్తులున్న చోట సరైన పని చేయడం రెట్టింపు కష్టం. వేరేవాడి సుత్తిదెబ్బల మీద పని చేయాల్సి రావడం లాంటి చికాకు ఈ వృత్తిలో ఇంకోటి లేదు.

బ్యారెల్‌కి నల్లరంగు వేయడం, అంటే బ్లూయింగ్, బయటి నుంచి చూస్తే పెయింటింగ్ లాంటి పనే అనిపిస్తుంది. అసలు కష్టం రంగులో లేదు, దానికి ముందు చేసే పాలిషింగులో ఉంది. తుప్పు తిన్న గుంటలన్నీ పోయేదాకా ఎమరీ కాగితంతో చేత్తో రుద్దాలి, ముతక నుంచి సన్నం దాకా. రంగు ఏ లోపాన్నీ దాచదు సరికదా ఎత్తి చూపిస్తుంది. తొందరపడి మోటారు చక్రం మీద పెడితే పదునైన అంచులు గుండ్రమవుతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి, అక్షరాలు చెరిగిపోతాయి. అక్షరాలు చెరిగితే అందం ఒక్కటే పోదు. ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 8 ప్రకారం తుపాకీ మీద గుర్తింపు నంబరు చెరపడం, మార్చడం నేరం. అందుకే నంబరు ఉన్న చోటుకి వచ్చేసరికి అనుభవం ఉన్న చేయి కూడా నెమ్మదిస్తుంది.

రంగు వేసే పద్ధతుల్లో తొందరగా అయ్యేది వేడి ఉప్పు పద్ధతి. కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపిన నీళ్లని 140 డిగ్రీల దరిదాపుల్లో మరిగించి అందులో ముంచుతారు. .315 రైఫిల్‌కి అది బాగానే పనిచేస్తుంది. డబుల్ బ్యారెల్‌ని మాత్రం అందులో ముంచకూడదు. టంకం కరగడానికి ఆ వేడి చాలదుగానీ, కాస్టిక్ దాన్ని తినేస్తుంది, రిబ్‌లు ఊడతాయి. ఊడకపోయినా సందుల్లో చిక్కుకున్న ఉప్పు నెలల తర్వాత తెల్లగా బయటికి కారుతుంది, ఆ పక్కనే తుప్పు మొదలవుతుంది. అందుకని డబుల్ బ్యారెల్‌కి పాత పద్ధతే గతి. కావాలనే సన్నగా, సమంగా తుప్పు పట్టించి, ఆ తుప్పుని నీళ్లలో మరిగిస్తే ఎర్రది నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది. పైన వదులుగా ఉన్న పొడిని సన్నటి ఉక్కు నూలుతో తుడిచి, మళ్లీ ద్రావణం పూసి, మళ్లీ తుప్పు పట్టించి, మళ్లీ మరిగించాలి. మంచి నలుపు రావడానికి ఆరు నుంచి పది సార్లు పట్టొచ్చు.

ఈ పనికి సీమ వాతావరణం అడుగడుగునా అడ్డం. అనంతపురంలో సంవత్సరమంతా కలిపి వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో పడుతుంది. ఏప్రిల్‌లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పూసిన ద్రావణం తుప్పు పట్టించకముందే ఎండిపోతుంది, అక్కడక్కడ మచ్చలుగా మాత్రమే పడుతుంది. చెక్కపెట్టె చేసి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి, ఆవిరి ఆరకుండా చూసుకుంటూ కూర్చోవాలి. ఆవిరి మరీ ఎక్కువై నీటిబొట్లు బ్యారెల్ మీద పడ్డాయంటే పడిన చోటల్లా మచ్చ. వానాకాలం సాయంత్రాల్లో పని దానంతటదే నడుస్తుంది, కానీ అలాంటి సాయంత్రాలు ఇక్కడ ఎన్ని ఉంటాయి? ఇక నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, మరిగించిన గిన్నెకే తెల్లటి పొర పడుతుంది, అదే పొర బ్యారెల్ మీద కూడా పడుతుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు కొని పొడవాటి తొట్టి నింపాలి, ఒకటి రెండు దఫాలకి మార్చాలి. ఇంత చేసి ఎనిమిదో దఫాలో చేతి తొడుగు చినిగి వేలు తగిలితే ఆ వేలి జిడ్డు అంటిన చోట ద్రావణం పట్టదు, తుప్పూ పట్టదు. మొదటికి వెళ్లాలి. బ్లూయింగ్‌కి ఇంతవుతుంది అని చెప్పగానే "ఇంతా?" అనేవాళ్లకి ఈ గిన్నెలు, క్యాన్లు, పెట్టె ఒకసారి చూపిస్తే బాగుంటుంది.

చెక్క విషయంలో కూడా ఇదే ఎండ. భుజానికి ఆనించే చెక్కభాగాన్ని బట్ అంటారు, మంచి బట్ అక్రోటు కర్రతో చేస్తారు. కర్నూలు ఎండలో అది కుంచించుకుపోయి ఇనుముకీ చెక్కకీ మధ్య సందు వస్తుంది. సందు ఉన్న తుపాకీ కాల్చినప్పుడల్లా వెనక్కి తన్నే బలం ఒకే చోట పడి, చేయి పట్టుకునే సన్నటి మెడ దగ్గర పగులు మొదలవుతుంది. పగులుకి జిగురు పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అతకదు, ఎందుకంటే ఆ చోటంతా నూనె తాగి ఉంటుంది. తుపాకీని ఎప్పుడూ గొట్టం పైకి ఉండేలా నిలబెట్టడం అలవాటు కాబట్టి ఇనుముకి రాసిన నూనె ఏళ్ల తరబడి కిందకి దిగి చెక్క తలలోకి ఇంకుతుంది. నల్లగా, మెత్తగా, గోరు దిగేలా తయారవుతుంది. సుద్దపొడిని ముద్దచేసి పట్టించి, కొంచెం వేడి చూపించి ఆ నూనెని బయటికి పీల్చాలి, సుద్ద పసుపు రంగుకి తిరిగితే తీసేసి కొత్తది పట్టించాలి. అలా నూనె రావడం ఆగేదాకా. కొత్త బట్ చేయాలంటే లోపలి ఇనుము ఆకారానికి తగ్గట్టు చెక్కని తొలవడం ఉంది, అక్కడ మళ్లీ అదే మసి పద్ధతి, అదే ఒక్క గీత భయం.

బ్యాంకు గార్డుల తుపాకుల బాధ వేరు. అవి ఏళ్లకేళ్లు పేలవు, ఏళ్లకేళ్లు శుభ్రమూ కావు. గార్డు మారతాడు, తుపాకీ మాత్రం అదే కుర్చీ పక్కన నిలబడి ఉంటుంది. చేతి చెమట పడే చోటల్లా తుప్పు, గొట్టంలో దుమ్ము. కందిరీగ మట్టితో గూడు కట్టిన గొట్టాలు కూడా కనపడతాయి. నవ్వుకోడానికి ఏమీ లేదు అందులో. గొట్టంలో అడ్డం ఉండగా పేలిస్తే అక్కడ గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది, ముందుచెయ్యి ఉండేది సరిగ్గా ఆ దగ్గర్లోనే.

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసే తుపాకుల కథ కూడా ఇలాగే ఉంటుంది. 2024లో కోడ్ మార్చి 16న మొదలైంది, రాష్ట్రంలో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. ఆ నెలలన్నీ తుపాకీ స్టేషన్ గదిలో, చాలాసార్లు తోలు సంచిలోనో కాన్వాస్ కవర్లోనో ఉండిపోతుంది. ఎండాకాలమంతా చెక్క ఎండుతుంది, తొలకరి చినుకులకి కవర్ తేమ పీలుస్తుంది, లోపల ఇనుము ఆ తేమలోనే ఉంటుంది. తెచ్చుకున్న రోజే తీసి తుడిస్తే గోటితో పోయేది, వచ్చే ఎన్నికలదాకా అదే కవర్లో ఉంచితే గొడ్డలిదాకా వస్తుంది.

ట్రిగ్గర్ పని గురించి అడిగేవాళ్లు ఎక్కువ, ఒప్పుకునేవాళ్లు తక్కువ. "కొంచెం తేలిక చెయ్యి" అంటారు. ట్రిగ్గర్ వెనక, కొట్టి తూటాని పేల్చే హ్యామర్‌ని పట్టి ఆపే పన్ను అంచు చాలా చిన్నది, దాని గట్టిదనం పైపొరలో మాత్రమే ఉంటుంది. ఆ పొరని రాయితో తీసేస్తే ఆ రోజుకి ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది. లోపలి మెత్తటి ఇనుము మీద రోజులు గడిచేకొద్దీ అరుగుతుంది, ఆఖరికి తుపాకీ మూసినప్పుడు, బట్ నేలకి తగిలినప్పుడు దానంతటదే జారే స్థితి వస్తుంది. డబుల్ బ్యారెల్‌లో ఒక గొట్టం పేలిన అదురుకి రెండోది కూడా పేలొచ్చు. అక్కడ ప్రాణం పోతే సంతకం పెట్టి ఇచ్చినవాడు జవాబు చెప్పాలి. అందుకే తేలిక చేయమని వచ్చినవాళ్లకి కాదని చెప్పేవాళ్లే మంచి పనివాళ్లు, అందులో అనుమానం లేదు.

పాత లాకుల్లో వి ఆకారంలో ఉండే స్ప్రింగు విరగడం కూడా తరచూ వచ్చే బాధే. ఉక్కు పట్టీని ఆకురాయితో సన్నం చేసి, మడిచి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచాలి, ఆ పెళుసుతనం తగ్గేంత వరకే మళ్లీ వేడి చేయాలి. ఆకురాయి గీతలు పొడవుగా కాకుండా అడ్డంగా ఒక్కటి మిగిలినా సరిగ్గా అక్కడే విరుగుతుంది. బిగించేటప్పుడు విరిగితే అదృష్టం, ఇచ్చి పంపాక విరిగితే పేరు పోతుంది.

వీటన్నిటికంటే సహనాన్ని పరీక్షించేది మాత్రం "ఒక్కోసారి పేలదు" అన్న ఫిర్యాదు. ఎప్పుడూ పేలకపోతే కారణం దొరుకుతుంది. ఒక్కోసారి అంటే? తూటాని కొట్టి పేల్చే పిన్ను గుర్తు దాని వెనక లోతుగా పడిందా, పైపైన పడిందా అన్నది మొదటి ఆధారం, కానీ ఆ పేలని తూటాని ఎవరూ దాచిపెట్టి తీసుకురారు. తూటా తేమ తగిలిందేమో. పిన్ను మొన అరిగిందేమో. స్ప్రింగు బలం తగ్గిందేమో. ఎండకి గట్టిపడ్డ నూనె పిన్ను దారిలో అడ్డుపడుతోందేమో, అలాగైతే వేసవిలో పేలి చలికాలం పొద్దున మాత్రమే మొరాయిస్తుంది. లేదా ఇంతకుముందు ఎవరో తూటా అంచు కూర్చునే మెట్టుని ఎక్కువ లోతు చేసి ఉంటారు, పిన్ను అందీ అందనట్టు తగులుతుంది. ఒక్కొక్కటి సరిచేసి కాల్చి చూడాలి, కాల్చి చూడ్డం అంటే అనుమతి ఉన్న చోటు, లెక్క చెప్పాల్సిన తూటాలు. ఊరికే ఖాళీగా ట్రిగ్గర్ నొక్కుతూ చూద్దామంటే పాత ఇంగ్లండు తుపాకుల లాక్ భాగాలు దానివల్లే విరుగుతాయి. రోజుల తరబడి పని చేసి "దొరికింది" అనుకుని ఇచ్చి పంపిన తుపాకీ మళ్లీ గుమ్మంలో కనిపిస్తే వచ్చే నీరసం ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుసు.

ఈ పనుల్లో సగం ఇంత కష్టంగా ఉండడానికి చట్టం గీసిన గీత కూడా ఒక కారణం, ఆ గీత ఉండాల్సిందే. 1959 చట్టం సెక్షన్ 5 కింద తయారీ, అమ్మకంతోపాటు రిపేరు చేయడానికీ, పరీక్షించడానికీ లైసెన్స్ కావాలి. లైసెన్స్ లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. ఆ చట్టం లెక్కలో తుపాకీ భాగాలు కూడా ఆయుధాలే. కాబట్టి లేత్ షెడ్డు పక్క వీధిలోనే ఉన్నా, అక్కడి కుర్రాడు ఎంత పనిమంతుడైనా, పార్టు వాడి చేతికిచ్చి చేయించుకురావడం కుదరదు. లేత్ కూడా సొంతంగా ఉండాలి, దాని మీద పని కూడా సొంతంగా రావాలి. అడవిపందుల బాధ పడలేక నాటు తుపాకీ పట్టుకుని "కొంచెం చూడు" అంటూ వచ్చేవాళ్ల కష్టం నిజమే, వేరుశనగ చేను ఒక్క రాత్రిలో పోతే ఆ రైతు గతేంటి? అయినా లైసెన్స్ లేని తుపాకీని ముట్టుకోకూడదు. 2016 నిబంధనల్లో పంట కాపాడుకోడానికి లైసెన్స్ అడిగే దారి ఉంది, ఆ దారి చూపించడం వరకే.

2019 సవరణలోనే ఒక మనిషికి ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి. మూడోదాన్ని వదులుకోవాల్సి వచ్చినప్పుడు, తండ్రి తుపాకీ కొడుకు పేరు మీదికి మారుతున్నప్పుడు, దశాబ్దాలుగా తెరవని పెట్టెలు తెరుచుకుంటాయి. అందులోంచి వచ్చేవాటిలో కొన్నిటికి చెప్పగలిగే జవాబు ఒక్కటే, ఇది ఇక కాల్చకూడదు అని. ఇనుమూ ఉక్కూ మెలివేసి చేసిన డమాస్కస్ గొట్టాలు చూడ్డానికి ఎంతో అందంగా ఉంటాయి, ఆ అలల డిజైన్ మీంచి కన్ను తిప్పుకోలేం. చాలావరకు అవి పాత నల్ల తుపాకీమందు కాలానివి, ఇప్పటి తూటాల కోసం పరీక్షించినవి కావు. ఉక్కు గొట్టాలే అయినా పాత ఇంగ్లండు తుపాకుల్లో చాలావాటికి తూటా గది పొడవు 65 మిల్లీమీటర్లే ఉంటుంది. 70 మిల్లీమీటర్ల తూటా అందులోకి చక్కగా దూరిపోతుంది, అక్కడే మోసం. పేలినప్పుడు తూటా ముందుభాగం విచ్చుకోడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. గది పొడవు పెంచెయ్ అంటారు కొందరు. అక్కడ గోడ మందం ఎంత మిగులుతుందో కొలవకుండా ఆ పని చేయడం నేరం కంటే ఎక్కువ.

మూతి దగ్గర ఉబ్బిన గొట్టాన్ని అంతవరకు కోసేస్తే పోతుంది కదా అని అడిగేవాళ్లు కూడా ఉంటారు. లైసెన్స్ లేకుండా గొట్టం పొట్టి చేయడాన్ని సెక్షన్ 6 నిషేధించింది, శిక్ష పైన చెప్పిందే. అలాంటి తుపాకీని రిపేరుకి తీసుకోకుండా, ఎందుకు తీసుకోలేదో కాగితం మీద రాసి, ఆ కాగితం యజమానికి ఇచ్చి పంపడం మంచిది. ఇంకో ఊళ్లో ఇంకొకరు దాన్ని చేతిలోకి తీసుకునే ముందు కనీసం ఆ కాగితం చదువుతారు.